నీ మీద కోపం కాదు నాయనా

మొన్న మాఘంలో చుట్టాలింట్లో పెళ్లికి మా ఊరు వెళ్లాను. గుంటూరు జిల్లాలో కాలవ గట్టు మీద ఊరు మాది. బంతిలో నా పక్కన కూర్చున్నాయన ఒకప్పుడు మండలంలో చక్రం తిప్పిన మనిషి. గోంగూర పచ్చడిలో నెయ్యి వేయించుకుంటూ, తమ పార్టీ ఓడిపోయిన సంగతి ఎత్తుకున్నాడు. "ఎంత చేసినా ఇంతేనండీ, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జనం" అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ అవునన్నారు. ఎదురు వరసలో మా బాబాయి ఉన్నాడు. తలెత్తి ఒకసారి ఆయన వైపు చూసి, పెరుగు రాకముందే ఆకు మడిచి లేచాడు.

మా బాబాయిదీ అదే పార్టీ. ముప్పై ఏళ్లుగా జెండా మోస్తున్నాడు. ఏ పార్టీ అన్నది చెప్పను, నేను చెప్పబోయేదానికి ఆ పేరుతో పని లేదు. మీ ఊళ్లో మీ పార్టీకి కూడా ఇలాంటి బాబాయి ఒకడు ఉండే ఉంటాడు. భోజనం మధ్యలో ఆయన ఎందుకు లేచాడో నాకు తెలుసు.

కొన్నేళ్ల కిందటి ఎన్నికల్లో మా నియోజకవర్గం టికెట్ ఎవరికన్నది నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం దాకా తేలలేదు. ఐదేళ్లు చావుకీ పెళ్లికీ ఊరూరా తిరిగినతన్ని పక్కన పెట్టి, మా పొలిమేరలు కూడా తెలియని మనిషికి బీ ఫారం ఇచ్చి పంపారు. సర్వేలో ఆయన పేరే వచ్చిందన్నారు. ఆ సర్వే ఎవరిని అడిగి చేశారో మా మండలంలో ఎవరికీ తెలియదు. బాబాయి రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడో రోజు పొద్దున్నే కండువా వేసుకుని బయల్దేరాడు. "ఏం చేస్తాంరా అబ్బాయ్, పార్టీ మనది కదా" అన్నాడు.

పోలింగ్ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. స్కూలుకు రెండు వందల మీటర్ల అవతల వేపచెట్టు కింద ఆయన బల్ల. బల్ల మీద ఓటర్ల జాబితా, అది గాలికి ఎగరకుండా రెండు కంకర రాళ్లు, వరస నంబర్లు వెతకడానికి ఒక స్కేలు. ఎదుటి పార్టీ బల్ల దగ్గర జనం మూగుతున్నారు. ఈయన దగ్గరికి పది నిమిషాలకొకరు వస్తే గొప్ప. అలా వచ్చినవాళ్లలో మా వీధి చివరింటి ముసలామె ఒకరు. బాబాయి ఆమెను పిన్నీ అంటాడు. ఆమెకు గుండె ఆపరేషన్ అయినప్పుడు గుంటూరులో ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు పడుకున్నది ఈయనే. ఆమె చీటీ రాయించుకుంది. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, బాబాయి చెయ్యి పట్టుకుని "నీ మీద కోపం కాదు నాయనా" అంది. అంతే. కర్ర పోటు వేసుకుంటూ స్కూలు వైపు వెళ్లిపోయింది. బాబాయి ఆ జాబితాలో ఏదో వెతుకుతున్నట్టు చాలాసేపు తల వంచుకునే కూర్చున్నాడు.

ఆ బూత్‌లో అంతకుముందు పార్టీకి నాలుగు వందలు దాటేవి. ఆ సారి నూట ఆరు వచ్చాయి. లెక్కింపు రోజు రౌండ్లవారీగా అంకెలు వేసుకున్న కాగితం బాబాయి డైరీలో ఇప్పటికీ ఉంది.

ఓడిపోయిన ప్రతి పార్టీ జనానికి విశ్వాసం లేదంటుంది. నాకు ఆ మాట వినగానే ముసలామె గుర్తొస్తుంది. మన ఓటరు చాలాసార్లు ఓడించింది ఎదురుగా నిలబడ్డ అభ్యర్థిని కాదు, అభ్యర్థి వెనకాల ఎక్కడో కూర్చుని మనల్ని అడగకుండా అన్నీ తేల్చేసే అధిష్ఠానాన్ని. కానీ ఈవీఎం మీద అధిష్ఠానం పేరు ఉండదు. ఊళ్లో మనిషి పేరే ఉంటుంది.

సీల్డ్ కవర్ రోజులు

ఈ సంగతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 1977లో ఎమర్జెన్సీ మీద కోపంతో ఉత్తరాది అంతా ఇందిరా గాంధీని ఊడ్చేసినప్పుడు, ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆవిడకే ఇచ్చింది. మరుసటి ఏడాది శాసనసభ ఎన్నికల్లో ఆవిడ పార్టీకి 175 స్థానాలు వచ్చాయి. 1980లో ఆవిడ మెదక్ నుంచి కూడా గెలిచారు. అంత నమ్మకంగా ఉన్న రాష్ట్రం. ఆ నమ్మకానికి బదులుగా ఢిల్లీ ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని పంపింది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఢిల్లీ నుంచి మూసిన కవర్లో పేరు వచ్చే సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి అన్న మాట మన వాడుకలోకి వచ్చి కూర్చుంది ఇలాంటి అనుభవంతోనే.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో జరిగింది అందరికీ తెలిసిందే, కథంతా మళ్లీ చెప్పను. ఒక్క విషయం మాత్రం చూడండి. అంజయ్య ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా పనిచేసి పైకొచ్చిన మనిషి. 61 మంది మంత్రులతో ఆయన నడిపిన జంబో మంత్రివర్గాన్ని మెచ్చుకునేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకోలేదు. అయినా రాజీవ్ గాంధీ, అప్పటికి అమేఠీ ఎంపీ మాత్రమే, దండలూ డప్పులతో ఎదురెళ్లిన ఆయన్ని విమానాశ్రయంలో అందరి ముందూ కసురుకున్నారని తెలిసేసరికి జనానికి ఎక్కడో తగిలింది. మనకు నచ్చినా నచ్చకపోయినా ఆయన మన ముఖ్యమంత్రి, మనవాణ్ని మన గడపలో అన్నారు అన్న బాధ అది. ఆత్మగౌరవం అన్న మాట ఎన్టీఆర్ నోట పేలడానికి ముందే జనం గుండెల్లో తయారుగా ఉంది.

ఆ మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పుట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి ఎన్నికల్లో రెండు వందలకు పైగా స్థానాలు గెలిచింది. కాంగ్రెస్‌కు 60. సినిమా ఆకర్షణ, కిలో రెండు రూపాయల బియ్యం, అన్నీ పనిచేశాయి, కాదనను. కానీ 1984 డిసెంబర్ సంగతేమిటి? ఇందిర హత్య తర్వాత దేశమంతా కన్నీళ్లతో కాంగ్రెస్‌కు ఓటేసింది. ఇక్కడ మాత్రం 30 లోక్‌సభ స్థానాలు తెలుగుదేశానికి వచ్చాయి. ఆ ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసిన గాయం అప్పటికి మానలేదు. ఏడేళ్ల కిందట 41 ఇచ్చినవాళ్లూ ఈ జనమే.

కాంగ్రెస్ పెద్దలు పాఠం నేర్చుకున్నారా అంటే, లేదు. 1989లో జనం మళ్లీ అధికారం ఇస్తే ఐదేళ్లలో మళ్లీ ముగ్గురు. చెన్నారెడ్డి, జనార్దనరెడ్డి, మళ్లీ కోట్ల. 1994లో పార్టీకి 26 స్థానాలే మిగిలాయి. నాకు కోట్ల విజయభాస్కరరెడ్డిని తలుచుకుంటే జాలేస్తుంది. 1982లో ఎన్నికలకు నాలుగు నెలల ముందు ఒకసారి, 1992లో రెండేళ్ల ముందు ఒకసారి, మునిగే పడవకు ఆయన్నే సరంగుగా పంపారు. రెండు ఓటములూ ఆయన ఖాతాలోనే రాశారు. కవరు రాసినవాళ్ల పేరు ఎక్కడా లేదు.

కృష్ణకు అటూ ఇటూ

2014 గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. విభజన సరా కాదా అన్న వాదంలోకి వెళ్లను. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో పొలం, రెండు వైపులా స్నేహితులు. ఇరువైపుల ఓటర్లూ ఒకే అధిష్ఠానం మీద, ఒకే కారణంతో కోపంగా ఉండటం నేను కళ్లారా చూశాను. దాని గురించే చెబుతాను.

2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. రెండు వారాలకే, 23న, విస్తృత సంప్రదింపులు కావాలన్నారు. ఆ తర్వాత నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో తెలంగాణ కాంగ్రెస్ నాయకులు ఊళ్లోకి వెళితే జనం అడిగింది ఒకటే, మీ మాట ఢిల్లీలో చెల్లుతుందా లేదా అని. చెల్లుతుందని వాళ్లు గట్టిగా చెప్పలేకపోయారు. ఇటువైపు, 2013 జూలై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ విభజన తీర్మానం చేసేదాకా ముఖ్యమంత్రి సహా సీమాంధ్ర నాయకులంతా మమ్మల్ని అడక్కుండా ఏమీ జరగదని జనానికి చెబుతూ వచ్చారు. జరిగింది. 2014 జనవరి 30న శాసనసభ బిల్లును తిప్పి పంపింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది. ఆ కాసేపు టీవీ ప్రసారం ఆగిపోయింది. మా ఇంట్లో అందరం నల్లబడ్డ టీవీ ముందు అలాగే కూర్చున్నాం. కేబుల్ పోయిందనుకుని మా అమ్మ పక్కింటికి వెళ్లి అడిగొచ్చింది.

ఫలితం తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు 175కు సున్నా. ఐదేళ్ల తర్వాత 2019లో ఆ పార్టీకి వచ్చిన ఓట్లు నోటా కంటే తక్కువ. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇటువైపు సున్నా కాదు, అటువైపు 21. రాష్ట్రం ఇచ్చిన పార్టీకి తెలంగాణ 119లో 21 స్థానాలే ఇచ్చింది. మళ్లీ అదే మాట, జనానికి కృతజ్ఞత లేదు! నాకలా అనిపించదు. ఏళ్ల తరబడి గుమ్మం ముందు నిలబెట్టి ఇచ్చినదాన్ని ఎవరూ వరంగా తీసుకోరు. తెచ్చినవాడు వేరు, ఇచ్చినవాడు వేరు అని జనం తేల్చుకున్నారు.

మన ఇంట్లోనే ఢిల్లీ

ఇంతవరకూ చదివి, ఇదంతా కాంగ్రెస్ గొడవ, ప్రాంతీయ పార్టీలొచ్చాక తీరిపోయింది కదా అంటారేమో. తీరిపోలేదు. ఢిల్లీ మన ఇంటికి దగ్గరైంది, అంతే.

ఆత్మగౌరవం పేరుతో వచ్చిన ఎన్టీఆరే 1989 ఫిబ్రవరిలో మంత్రులందరినీ ఒక్క దెబ్బతో తీసేశారు. ఆ ఏడాది చివరి ఎన్నికల్లో పార్టీ ఓడింది, ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడిపోయారు. హిందూపురం మాత్రం నిలబెట్టింది. ముప్పై నాలుగేళ్ల తర్వాత, 2023 డిసెంబర్‌లో, కేసీఆర్ గజ్వేల్‌లో గెలిచి కామారెడ్డిలో ఓడిపోయారు. ఇద్దరూ జనంలోంచి ఉప్పెనలా లేచినవాళ్లే. చివరికి ఇద్దరి మీదా వచ్చిన ఫిర్యాదు ఒకటే, మా మాట ఆయన దాకా వెళ్లడం లేదని. కేసీఆర్ అధికార నివాసంగా ఉన్న ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెను 2023 డిసెంబర్ 7న తొలగిస్తుంటే, టీవీలో చూస్తూ మా ఆఫీసు క్యాంటీన్‌లో కొందరు చప్పట్లు కొట్టారు. వాళ్లలో రాజకీయాలంటే పట్టనివాళ్లూ ఉన్నారు.

ఒక పోలిక చూడండి. కేసీఆర్ పార్టీ బీఆర్‌ఎస్ 2023 ఎన్నికలకు మూడు నెలల ముందే 115 మంది పేర్లు ఒకేసారి ప్రకటించింది. మార్చింది ఏడుగురినే. పాత ఎమ్మెల్యేల మీద కోపం వల్లే ఓడిపోయామని తర్వాత అన్నారు. ఇది చూసిన వైసీపీ 2024లో దానికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది. ఎంతోమంది సిట్టింగుల్ని మార్చింది, ఒకచోట గెలిచినవాళ్లను ఇంకోచోటికి పంపింది. చిలకలూరిపేటలో గెలిచిన మంత్రి గుంటూరు పశ్చిమకు, యర్రగొండపాలెంలో గెలిచిన మంత్రి కొండపికి. ఇద్దరూ ఓడిపోయారు. 151 స్థానాల పార్టీకి 11 మిగిలాయి. మార్చనివాళ్లూ ఓడారు, మార్చినవాళ్లూ ఓడారు. మార్చాలా వద్దా అన్నది రెండు చోట్లా పైనే తేలింది. ఇక్కడ పనికిరాడనుకున్న మనిషి అక్కడ ఎలా పనికొస్తాడని కొత్త ఊరివాళ్లు అడిగితే జవాబు లేదు.

వైసీపీ ప్రభుత్వం ఊరూరా పెట్టిన వాలంటీర్ల సంగతి కూడా ఇందులో భాగమే అనుకుంటాను. ఒకటో తారీకు తెల్లవారేసరికి మా ముసలామె ఇంటి గడప దగ్గరే పింఛను అందేది. అది చిన్న విషయం కాదు, ఆమె కాళ్లకు తెలుసు దాని విలువ. కానీ వీధిలో మురుగు కాలవ పొంగితే వాలంటీరుకు చెప్పి లాభం లేదు, సర్పంచ్ దగ్గర డబ్బుల్లేవు, ఎమ్మెల్యేకు పని లేదు. పైనుంచి కిందికి డబ్బు చక్కగా దిగింది. కిందినుంచి పైకి మాట ఎక్కడానికి మాత్రం దారి లేదు.

నాకున్న అనుమానాలు

ఇంత రాశాక నా వాదనలో నాకే కనబడే కంతలు చెప్పాలి.

మొదటిది, ప్రతి ఓటమినీ అధిష్ఠానం మీద కోపమనడం తప్పు. పొత్తులుంటాయి, కులం ఉంటుంది, ధరలుంటాయి. 2024లో మూడు పార్టీలు కలిసిన లెక్కను పక్కన పెట్టి ఎవరు మాట్లాడినా అది సగం మాటే. డబ్బు సంగతి అడిగితే బాబాయి నవ్వుతాడు. "రెండు పార్టీలవీ తీసుకుంటారురా. ఓటు మాత్రం వాళ్లు అనుకున్నదానికే" అంటాడు.

రెండోది ఇంకా గట్టిది. జనానికి బలమైన నాయకుడంటే కోపం లేదు. 2004లో 185, 2009లో 156 స్థానాలు తెచ్చిన వైఎస్ అందర్నీ అడిగి నిర్ణయాలు తీసుకున్న మనిషేమీ కాదు. 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు మా మాట విన్నాడు అన్న నమ్మకం ఆయనకు ఏళ్ల తరబడి పనికొచ్చింది. అంటే గొడవ అధికారం ఒకచోట పోగుపడటం గురించి కాదేమో, చెవి మూసుకోవడం గురించేమో. ఆయన పోయాక రోశయ్య, తర్వాత కిరణ్‌కుమార్ రెడ్డి, మళ్లీ కవర్లే వచ్చాయి.

మూడోది నన్ను నిజంగా ఇబ్బంది పెడుతుంది. 2021 జూన్‌లో తెలంగాణ కాంగ్రెస్ అధ్యక్షుడిగా రేవంత్ రెడ్డిని పెట్టింది ఢిల్లీయే. సీనియర్లు చాలామంది వద్దన్నారు. ఊళ్లల్లో పాత కార్యకర్తల్ని అడిగి ఉంటే ఆయన పేరు వచ్చేదో లేదో. రెండున్నరేళ్లలో పార్టీకి 64 స్థానాలు వచ్చాయి. అధిష్ఠానం కొన్నిసార్లు స్థానిక ముఠాలకు కనబడనిది చూస్తుంది, ఒప్పుకోవాలి. అయితే ఒక్కటి. ఎంపిక సరైనదైతే గొప్ప పైవాళ్లది, తప్పయితే శిక్ష కిందివాళ్లది. 1982 నుంచి ఇప్పటిదాకా ఈ పద్ధతిలో ఏ మార్పూ లేదు.

సభ్యత్వం రసీదు

ఓటరుకు ఇంకో ఆయుధం ఎందుకు లేదు? పార్టీ లోపల తలుపులన్నీ మూసి ఉన్నాయి కాబట్టి. బీ ఫారం ఇచ్చేది పైవాళ్లు. గెలిచాక పార్టీ విప్‌కు ఎదురు ఓటేస్తే, 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం కింద పదవే పోతుంది. ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలుసు, లేకపోతే ఇంకెంత బేరసారాలు జరిగేవో కూడా తెలుసు. కానీ దాని వల్ల మన ఎమ్మెల్యే మనకు జవాబుదారీ కావడం తగ్గి, టికెట్ ఇచ్చినవాళ్లకు జవాబుదారీ కావడం పెరిగింది. పైగా అసలు అడ్డుకోవాల్సిన ఫిరాయింపుల్ని అది అడ్డుకోలేదు. 2018లో తెలంగాణలో కాంగ్రెస్ గెలిచింది 19 స్థానాలు, ఏడాది తిరక్కుండా అందులో 12 మంది అప్పటి టీఆర్‌ఎస్‌లో, అంటే తర్వాత బీఆర్‌ఎస్ అయిన పార్టీలో, విలీనమయ్యారు.

పార్టీల్లో ఎన్నికలు జరగవా అంటే, కాగితాల మీద జరుగుతాయి. 2022లో వైసీపీ తమ నాయకుణ్ని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకుంటే, శాశ్వత పదవులు ప్రజాస్వామ్యానికి పొసగవని ఎన్నికల సంఘం అభ్యంతరం చెప్పింది. అంతకుమించి పెద్దగా ఏమీ చేయలేదు, చట్టంలో దానికి ఆ బలం లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నిజంగానే పోటీ జరిగింది. ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 ఓట్లు. మంచిదే. కానీ అంత పెద్ద దేశంలో, అంత పాత పార్టీలో, ఓటేసింది పది వేల మంది లోపే.

మా బాబాయి దగ్గర సభ్యత్వం రసీదులు ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఏటేటా కట్టినవి. కొన్నింటి మీద సిరా వెలిసిపోయి పేరు కనబడదు. ఈ రసీదుతో నీకు ఏం హక్కు వచ్చింది బాబాయ్ అని ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించి, "యాక్సిడెంట్ బీమా ఉందన్నార్రా" అన్నాడు.

అభ్యర్థి ఎంపికలో ఆ రసీదుకు ఒక ఓటు ఇవ్వాలన్నది నా కోరిక. ఇందులో ఉన్న ప్రమాదం నాకు తెలియనిది కాదు. మా ఊరి సహకార సంఘం ఎన్నికలు చూసినవాణ్ని. ఎన్నికకు నెల ముందు ఒక్కసారిగా సభ్యులు రెట్టింపవుతారు, పేరు ఎక్కినవాళ్లలో కొందరికి తాము సభ్యులన్న సంగతే తెలియదు. టికెట్ విషయంలోనూ డబ్బున్నవాళ్లు, ఒక కులంవాళ్లు రసీదు పుస్తకాలు కొనేసుకోరని నమ్మకం ఏముంది? కొంటారు. అయినా సహకార సంఘంలో మోసం జరిగితే ఎవరు చేశారో ఊరందరికీ తెలుస్తుంది, రచ్చబండ దగ్గర మొహం మీదే అడుగుతారు. టికెట్ ఎవరు, ఎందుకు, ఎంతకు మార్చారన్నది మాకు ఏ నాడూ తెలిసింది లేదు. తెలిసే మోసం, తెలియని మోసం రెండింట్లో నేను మొదటిదాన్నే కోరుకుంటాను.

పెళ్లి మర్నాడు ఉదయం బాబాయి ఇంటి అరుగు మీద కాఫీ తాగుతున్నాం. ఆయన ఫోన్ మోగింది, పాత బటన్ల ఫోన్. స్పీకర్‌లో పెట్టాడు. రికార్డు చేసిన ఆడగొంతు. మీ నియోజకవర్గంలో పార్టీ ఇన్‌చార్జిగా ఎవరు ఉండాలనుకుంటున్నారు, మొదటి పేరైతే ఒకటి నొక్కండి, రెండో పేరైతే రెండు నొక్కండి అంటోంది. బాబాయి కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ రెండు పేర్లూ ఆయనకు నచ్చలేదు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, "అమ్మా, ఆ ఇద్దరూ కాదమ్మా, నేను చెబుతాను రాసుకో" అన్నాడు. గొంతు ఆగకుండా మళ్లీ మొదటినుంచి చదివింది. "అమ్మా, వినపడుతోందా" అన్నాడు. కాల్ కట్ అయింది. ఇది మెషీన్ బాబాయ్ అని చెప్పబోయి ఊరుకున్నాను. నేను బస్సెక్కేదాకా ఆయన ఆ ఫోన్ జేబులో పెట్టుకోలేదు, మళ్లీ వస్తుందేమోనని పక్కనే అరుగు మీద ఉంచుకున్నాడు.